జట్టు ఊరు విడిచి వెళ్లింది, మా అబ్బాయి దొంగచాటుగా స్కోరు చూస్తున్నాడు

ఫ్రీమాంట్_తెనాలి
మా ఇంట్లో ఒక శపథం ఉంది. 2024 సెప్టెంబరు 26న ఓక్లాండ్ కొలీసియంలో అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టు ఆ ఊళ్లో ఆడిన ఆఖరి ఆట చూసి బార్ట్ రైలులో తిరిగి వస్తుంటే మా అబ్బాయే పెట్టాడు. ఇక ఈ జట్టు ఆట చూడకూడదు, స్కోరు అడగకూడదు, పేరెత్తకూడదు. అప్పటికి వాడికి పదమూడేళ్లు. బడి మానిపించి తీసుకువెళ్లాను. రైలు పెట్టెలో సగం మంది ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని కళ్లు తుడుచుకుంటున్నారు. అలాంటప్పుడు కాదని ఎవరంటారు? సరే అన్నాను.

2025 జులై 25, శుక్రవారం సాయంత్రం ఇంటికి చుట్టాలు వచ్చారు. మడత కుర్చీల కోసం గ్యారేజీలోకి వెళ్లాను. మా వాడు బట్టలు ఆరబెట్టే యంత్రానికి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు. ఫోనులో శబ్దం పూర్తిగా తీసేశాడు. హ్యూస్టన్‌లో అదే జట్టు కుర్రవాడు నిక్ కర్ట్జ్ ఒకే ఆటలో నాలుగో హోమ్ రన్ (బంతిని మైదానం దాటించే దెబ్బ) కొట్టిన క్షణం అది. వాడి నోరు పూర్తిగా తెరుచుకుంది, అరుపు మాత్రం బయటికి రాలేదు. నన్ను చూసి ఫోను బోర్లించి "హోంవర్క్" అన్నాడు. జులై సెలవుల్లో హోంవర్క్!

తిట్టలేదు. తిట్టడానికి నోరు రాలేదు, ఎందుకంటే స్కోరు నేను కూడా వంటింట్లో చూశాను.

నేను 2004లో తెనాలి నుంచి వచ్చాను. ఆ మరుసటి ఏడాది బుధవారాల్లో 2 డాలర్లకు టికెట్టు దొరుకుతుందని గదిలో ఉండే స్నేహితులు లాక్కుపోయారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్క సీటులో ఉన్న పెద్దాయన జాలిపడి తన పెన్సిలు ఇచ్చి స్కోరు రాయడం నేర్పాడు. స్ట్రైకౌట్ అయితే, అంటే మూడు స్ట్రైకులు పడి బ్యాటర్ అవుటైతే, కె అనే అక్షరం, బ్యాటు ఊపకుండానే అవుటైతే అదే అక్షరం తిరగేసి రాయాలి. ఆ తిరగేసిన అక్షరం నేర్చుకున్న రాత్రి మొదటిసారి ఈ దేశంలో నాకూ ఒక ఊరు ఉందనిపించింది. ఇప్పుడు ఆ జట్టే ఊళ్లో లేదు. అభిమానం ఊరితో ఉండాలా, చొక్కాతో పోవాలా? పిల్లవాడికి ఏమని చెప్పాలి?

గోదారి_గట్టు
దీనికి ఇంత బాధ దేనికి? వంతెన దాటితే శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఉన్నారు. 2010, 2012, 2014లో కప్పులు గెలిచారు. మీ పాత ఆటగాడు మ్యాట్ చాప్‌మన్ కూడా ఇప్పుడు మా దగ్గరే ఉన్నాడు. మీరే ఆలస్యం.

రైట్_ఫీల్డ్_రాధ
@గోదారి_గట్టు ఇరవై ఏళ్లు ఎదురు గట్టున నిలబడి అరిచిన వాళ్లను పడవెక్కమంటున్నారు. మీ మారుపేరుకు తగ్గ మాటే.

పాత_స్కోరుబుక్కు
కొంచెం చరిత్ర చెబితే కోపం రాదు కదా? ఈ జట్టు పుట్టింది ఫిలడెల్ఫియాలో, 1901లో. కోనీ మ్యాక్ అనే పెద్దమనిషి అక్కడ యాభై ఏళ్లు మేనేజరుగా ఉన్నాడు. 1955లో కాన్సాస్ సిటీకి, 1968లో ఓక్లాండ్‌కు వెళ్లింది. ఏనుగు బొమ్మ కూడా ఫిలడెల్ఫియా నాటిదే. ఎవరో దెప్పిపొడుస్తూ తెల్ల ఏనుగు అంటే దాన్నే గుర్తుగా పెట్టుకున్నారు. కాబట్టి ఓక్లాండ్ వాళ్లు ఇప్పుడు ఏడుస్తున్న ఏడుపు కాన్సాస్ సిటీ వాళ్లు ముందే ఏడ్చారు. వలస వచ్చింది, వలస పోయింది. పైగా జెయింట్స్ కూడా 1958లో న్యూయార్క్ నుంచి మూటాముల్లె కట్టుకుని వచ్చిన వాళ్లే.

గోదారి_గట్టు
మధ్యలో మమ్మల్ని ఎందుకు లాగారు?

బావిగట్టు_కబుర్లు
ఈ లెక్కన అమెరికాలో సొంతూరు ఉన్న జట్టు ఒక్కటీ లేదన్నమాట. అందరూ మనలాగే వీసా మీద వచ్చారు.

రైట్_ఫీల్డ్_రాధ
@పాత_స్కోరుబుక్కు మీరు చెప్పింది నిజమే, కానీ కొలతలో తేడా ఉంది. కాన్సాస్ సిటీలో ఉన్నది 13 ఏళ్లు. 1969లోనే వాళ్లకు రాయల్స్ అనే కొత్త జట్టు వచ్చింది. ఓక్లాండ్‌లో 57 సీజన్లు ఆడారు. 1972, 73, 74లో వరుసగా మూడు కప్పులు, అంటే వరల్డ్ సిరీస్‌లు, 1989లో నాలుగోది. అది భూకంపం వచ్చిన ఏడాది. మూడో ఆటకు ముందు భూమి కదిలింది, పది రోజులు ఆపి మళ్లీ ఆడారు. ఎదుటి జట్టు ఎవరో గోదారి గట్టు గారికి గుర్తుండే ఉంటుంది. 4-0.

ఇంకో సంగతి. ఓక్లాండ్ బాస్కెట్‌బాల్ జట్టు వారియర్స్ 2019లో శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్లిపోయారు. ఫుట్‌బాల్ రైడర్స్ 2020లో లాస్ వేగాస్ వెళ్లిపోయారు. అయిదేళ్లలో ముగ్గురు బిడ్డలూ ఇల్లు విడిచి వెళ్లారు. అందులో ఆఖరివాడు, అంటే ఈ జట్టు, సొంత ఇల్లు సిద్ధం కాకుండానే వెళ్లాడు.

గోదారి_గట్టు
4-0 గుర్తు చేయడం అమానుషం.

చికాగో_చింతపండు
మరి ఓక్లాండ్ వాళ్లు ఆటకు వెళ్లారా? 2023లో సగటున ఆటకు పది వేల మంది. ఖాళీ కుర్చీలు చూపిస్తే ఏ యజమాని ఉంటాడు? ఇక్కడ మా ఊరి జట్టు కబ్స్ 1908 తరవాత 2016 దాకా గెలవలేదు. 108 ఏళ్లు! అయినా వాళ్ల మైదానం రిగ్లీ ఫీల్డ్‌కు జనం వస్తూనే ఉన్నారు. అదీ విశ్వాసం అంటే. చెరువు మీద అలిగిన వాళ్లు దాహం వేస్తోందని ఏడిస్తే ఎలా?

రైట్_ఫీల్డ్_రాధ
చెరువులో నీళ్లు ఎవరు తోడేశారో కూడా అడగండి. 2022 మొదలయ్యే ముందు మ్యాట్ ఓల్సన్‌ను అట్లాంటాకు, చాప్‌మన్‌ను టొరంటోకు పంపారు. అదే సమయంలో టికెట్ల ధర పెంచారు. 2023లో జట్టు 112 ఆటలు ఓడింది. మరుగుదొడ్ల నీళ్లు ఆటగాళ్ల గదుల్లోకి పొంగిన స్టేడియం అది. వ్యాఖ్యాతల గదిలో ఒక పాసమ్ కాపురం పెట్టింది.

ఇప్పుడు నేను చూసింది చెబుతాను. 2023 జూన్ 13, మంగళవారం. అభిమానులే చందాలు వేసుకుని ఆకుపచ్చ చొక్కాలు ముద్రించి పంచారు, రొమ్ము మీద ఒకటే మాట: అమ్మెయ్. యజమాని జాన్ ఫిషర్‌కు చెప్పిన మాట అది. ఆ రోజు వచ్చిన వాళ్లు 27,759 మంది. డప్పులు వాయించే వాళ్ల వెనుక వరసలో కూర్చున్నాను. అయిదో ఇన్నింగ్స్ మొదట్లో ఒక బ్యాటర్ ఆడినంతసేపూ స్టేడియం మొత్తం నిశ్శబ్దం. నా ముందున్న అబ్బాయి డప్పు పుల్లలు చంకలో పెట్టుకుని రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆ తరవాత ఒక్కసారిగా "జట్టును అమ్మెయ్" అని అరుపు. టాంపా బే మీద 2-1తో గెలిచాం కూడా. లీగ్‌లో అందరికంటే అధమ జట్టు, అందరికంటే మంచి జట్టును ఓడించింది. జనం రాలేదని మళ్లీ అనకండి.

చికాగో_చింతపండు
ఒక్క రోజు లెక్క చెప్పి ఏడాది లెక్క మాపేస్తున్నారు. అయినా పాసమ్ సంగతి ఒప్పుకుంటున్నాను. దానికి మాత్రం సొంతూరి అభిమానం ఉంది.

బావిగట్టు_కబుర్లు
పాసమ్ అంటే ఏమిటి? పందికొక్కా?

చికాగో_చింతపండు
దానికి దూరపు చుట్టమూ కాదు. చూడటానికి మాత్రం అచ్చం అంతే.

ఫాల్సమ్_ఫణి
ఇన్ని మాటల మధ్య మా స్యాక్రమెంటో వాళ్ల గోడు ఎవరికీ పట్టలేదు. జట్టు ఇప్పుడు ఉన్నది మా దగ్గర. మా అంటే, నదికి అవతల వెస్ట్ స్యాక్రమెంటోలో, మైనర్ లీగ్ (కింది స్థాయి జట్ల) స్టేడియంలో. దాదాపు 14 వేల మంది పడతారు, అందులో కొందరు గడ్డి మీద. జులై మధ్యాహ్నం అల్యూమినియం బల్ల మీద కూర్చుంటే అట్టు రెండు వైపులా కాలుతుంది.

అయినా పిల్లలను తీసుకుని వెళుతున్నాను. బాధ ఎక్కడంటే, వీళ్లు మా ఊరి పేరు పెట్టుకోలేదు. ఉత్త అథ్లెటిక్స్. చేతి మీద స్యాక్రమెంటో అని ఒక ముక్క కుట్టుకున్నారు, ఇంకో చేతి మీద లాస్ వేగాస్ ముక్క. 2028లో అక్కడికి పోతారట, 2025 జూన్‌లో శంకుస్థాపన కూడా అయింది. పెళ్లి కుదిరిన పిల్లవాడు మూడేళ్లు మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నట్లు ఉంది. అన్నం మేము పెడుతున్నాం, శుభలేఖలో మా పేరు ఉండదు.

రైట్_ఫీల్డ్_రాధ
ఫణి గారూ, మీ మీద కోపం లేదు. మేనమామ మీద ఎవరికి కోపం ఉంటుంది?

గోదారి_గట్టు
ఆ స్టేడియంలో అసలు కాపురం ఉన్నది రివర్ క్యాట్స్, అంటే మా జెయింట్స్ వాళ్ల మైనర్ లీగ్ జట్టు. చివరికి మా పెరట్లోనే తలదాచుకున్నారు. నేనేమీ అనడం లేదు. ఊరికే చెబుతున్నాను.

నల్లకుంట_నవీన్
హైదరాబాదు నుంచి రాస్తున్నాను. బేస్‌బాల్ నాకు తెలియదు, కానీ ఈ బాధ తెలుసు. డెక్కన్ చార్జర్స్ గుర్తున్నారా? 2008లో అడుగున ఉన్నారు, 2009లో కప్పు గెలిచారు, 2012లో జట్టే మాయం. మా మామయ్య దగ్గర ఆ చొక్కా ఇంకా ఉంది, స్కూటరు తుడవడానికి కూడా వాడనివ్వడు. తరవాత సన్‌రైజర్స్ వచ్చారు. 2016లో వాళ్లూ గెలిచారు. కానీ 2025 ఏప్రిల్‌లో ఉప్పల్‌లో ఏమైంది? మన హైదరాబాదీ సిరాజ్ గుజరాత్ చొక్కా వేసుకుని 17 పరుగులకు 4 వికెట్లు తీసి మనల్నే ఓడించాడు. నేను స్టేడియంలోనే ఉన్నాను. చప్పట్లు కొట్టాలా, తల పట్టుకోవాలా? రెండు చేతులూ తల మీదే పెట్టుకుని అక్కడే చప్పట్లు కొట్టాను.

పాత_స్కోరుబుక్కు
బాగుంది, కానీ పోలిక అతకదు. వేలంలో ఆటగాళ్లు మారే చోట అభిమానం మొదటి నుంచీ ఊరి పేరు మీదే నిలబడుతుంది. ఇక్కడ పేరే ఎగిరిపోయింది.

నల్లకుంట_నవీన్
చార్జర్స్ పోయినప్పుడు కూడా పేరే పోయింది కదండీ. మీకు గుర్తులేకపోవడమే ఆ బాధ.

జెర్సీ_జొన్నరొట్టె
ఎడిసన్‌లో నేను మొదట అద్దెకున్న ఇంటి యజమాని బ్రూక్లిన్‌లో పుట్టిన వాడు. డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు 1955లో అక్కడ గెలిచినది ఒకే ఒక్క వరల్డ్ సిరీస్. రెండేళ్లు తిరిగేసరికి, 1957 సీజన్ అవగానే లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయారు. ఆయనకు అప్పుడు పన్నెండేళ్లు. వాళ్ల స్టేడియం ఎబెట్స్ ఫీల్డ్‌ను 1960లో పడగొట్టారు. నేను ఉన్నప్పుడు ఆయనకు డెబ్బై దగ్గర. టీవీలో డాడ్జర్స్ కనబడితే చానెల్ మార్చడు, లేచి వెళ్లి మొక్కలకు నీళ్లు పోసేవాడు. అక్టోబరులో ఆ మొక్కలు కుళ్లిపోయేవి.

తరవాత ఆయన మెట్స్ అభిమాని అయ్యాడు. ఆ జట్టు 1962లో న్యూయార్క్‌కు కొత్తగా వచ్చింది. నీలం డాడ్జర్స్‌ది, నారింజ జెయింట్స్‌ది, వెళ్లిపోయిన ఇద్దరి రంగులూ కలిపి చొక్కా కుట్టించుకున్నారు. తెనాలి గారూ, మీ వాడికి చెప్పండి, శపథం పట్టాడంటే అరవై ఏళ్ల కార్యక్రమం. ముందు తోట ఉందో లేదో చూసుకోవాలి.

ఫ్రీమాంట్_తెనాలి
తోట ఉంది. టమాటాలు ఇప్పటికే అంతంత మాత్రం.

అర్ధరాత్రి_ఫిల్టర్‌కాఫీ
నన్ను తిట్టుకోండి, కానీ మనం నిజంగా ఓక్లాండ్ వాళ్లమా? ఫ్రీమాంట్‌లో ఇల్లు, సన్నీవేల్‌లో ఉద్యోగం, ఆట ఉన్న రోజు మాత్రం బార్ట్ స్టేషను నడక వంతెన మీదుగా స్టేడియంలోకి వెళ్లి అదే వంతెన మీదుగా తిరిగి వస్తాం. ఆ చుట్టుపక్కల వీధుల్లో ఎన్నడైనా నడిచామా? 2006లో ఇదే జట్టు ఫ్రీమాంట్‌కు వస్తానంటే మనవాళ్లు ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది. అప్పుడు ఓక్లాండ్ వాళ్ల కన్నీళ్లు కనబడలేదు. 2009లో ఆ పథకం అటకెక్కింది కాబట్టి ఇప్పుడు నీతులు చెప్పగలుగుతున్నాం.

ఫ్రీమాంట్_తెనాలి
ఈ మాట గుచ్చుకుంది. 2006లో సంబరపడిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇంటి నుంచి సైకిలు మీద వెళ్లవచ్చని లెక్కలు కూడా వేశాను.

చికాగో_చింతపండు
అదీ సంగతి! మన ఊరికి వస్తే అభివృద్ధి, మన ఊరి నుంచి పోతే ద్రోహం.

రైట్_ఫీల్డ్_రాధ
ఫిల్టర్‌కాఫీ గారి ప్రశ్న నన్ను కూడా రాత్రంతా తిప్పింది. అక్కడ పుట్టని వాళ్లకు ఆ ఊరి మీద హక్కు ఏమిటి? సరే, మన జట్టు మేటి ఆటగాడు రికీ హెండర్సన్ ఎక్కడ పుట్టాడు? చికాగోలో. 1958 క్రిస్మస్ రోజున, ఆసుపత్రికి వెళ్లే దారిలో, కారు వెనుక సీటులో. చిన్నప్పుడే కుటుంబం ఓక్లాండ్ వచ్చింది. ఓక్లాండ్ టెక్ బడిలో చదివాడు. 1982లో ఒకే సీజన్‌లో 130 బేస్‌లు దొంగిలించాడు, అంటే బంతి విసిరేవాడి కళ్లుగప్పి తరవాతి బేస్‌కు పరుగెత్తాడు. ఆడినన్నాళ్లూ కలిపి మొత్తం 1,406. కొలీసియం మైదానానికి 2017లో పెట్టిన పేరు ఆయనదే. ఆఖరి ఆట రోజు మొదటి బంతి విసిరింది ఆయనా, అదే ఊళ్లో పెరిగిన పాత ఆటగాడు డేవ్ స్టువర్టూ. మూడు నెలలు గడవకముందే, డిసెంబరు 20న రికీ పోయాడు. ఓక్లాండ్ వాడు కాదని ఒక్కరంటే ఒక్కరు అనమనండి.

చికాగో_చింతపండు
చికాగోలో పుట్టాడు కాబట్టి సగం వాటా మాకు ఇవ్వండి.

రైట్_ఫీల్డ్_రాధ
కారు సీటు తీసుకోండి.

పాత_స్కోరుబుక్కు
నేను ఇందాక వలస వచ్చింది వలస పోయింది అన్న మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. రికీ ముచ్చట చదివాక.

బావిగట్టు_కబుర్లు
ఈ వేదికలో ఒకరు మాట వెనక్కి తీసుకోవడం ఇదే మొదటిసారి. తేదీ రాసి పెట్టుకోండి.

గోదారి_గట్టు
2025 జూన్ 12న నేను కొలీసియంకు వెళ్లాను. బేస్‌బాల్‌కు కాదు, క్రికెట్‌కు. మేజర్ లీగ్ క్రికెట్‌లో ఆ ఏడాది మొదటి ఆట. ఫిన్ ఆలెన్ 51 బంతుల్లో 151 కొట్టాడు, 19 సిక్సర్లు. అంతకు ముందు టీ20 ఇన్నింగ్స్‌లో ఇన్ని సిక్సర్లు ఎవరూ కొట్టలేదు. చుట్టూ తెలుగు, హిందీ, పంజాబీ మాటలే. ఇరవై ఏళ్లుగా ఆ స్టేడియాన్ని పాడుకొంప అని వెక్కిరించిన వాణ్ని. ఆ రోజు కుర్చీ మీద ఎవరో పాత ఆకుపచ్చ చొక్కా పరిచి, దాని పక్క కుర్చీలో కూర్చున్నారు. దాన్ని చూశాక నా అరుపు కొంచెం తగ్గింది. అంతే. దీన్ని పట్టుకుని రేపటి నుంచి నన్ను ఆట పట్టించకండి.

రైట్_ఫీల్డ్_రాధ
పట్టిస్తాం. 4-0.

ఫ్రీమాంట్_తెనాలి
నిన్న రాత్రి మా వాడిని కూర్చోబెట్టి మాట్లాడాను. శపథం తప్పావు కదా అంటే తప్పలేదన్నాడు. వాడి వాదన వినండి. కర్ట్జ్‌ను ఎంపిక చేసింది 2024 జులైలో. అప్పటికి జట్టు ఇంకా ఓక్లాండ్‌లోనే ఉంది. కాబట్టి కర్ట్జ్ ఓక్లాండ్ కుర్రవాడు, తాను చూసింది కర్ట్జ్‌ను, జట్టును కాదు. జట్టులో మిగిలిన వాళ్లు బ్యాటింగుకు వచ్చినప్పుడు కళ్లు మూసుకున్నాడట. 15-3తో గెలిచిన ఆట అది. అన్నిసార్లు కళ్లు మూసుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

పాత_స్కోరుబుక్కు
ఈ పిల్లవాడిని న్యాయశాస్త్రం చదివించండి. అయితే ఒక సవరణ. ఆ నాలుగో హోమ్ రన్ అసలు పిచ్చర్ (బంతి విసరడమే పనిగా ఉన్న ఆటగాడు) బంతికి కాదు. ఆట ఎలాగూ పోయిందని హ్యూస్టన్ వాళ్లు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పిచ్చర్ కాని ఆటగాడితో వేయించారు.

ఫ్రీమాంట్_తెనాలి
ఈ మాట వాడి ముందు అనకండి. నిన్న నేను అన్నందుకు రాత్రి పెరుగన్నం తినలేదు.

ఫాల్సమ్_ఫణి
వాడిని ఒక ఆదివారం ఇటు పంపండి. కళ్లు మూసుకుని చూసే వాళ్లకు గడ్డి మీద చోటు చవక.

జెర్సీ_జొన్నరొట్టె
మెట్స్ లాగా ఓక్లాండ్‌కు కొత్త జట్టు ఏదీ రాలేదా?

రైట్_ఫీల్డ్_రాధ
వచ్చింది కదా! ఓక్లాండ్ బాలర్స్, 2024లో మొదలైంది. పయొనీర్ లీగ్, చిన్న లీగే. వెస్ట్ ఓక్లాండ్‌లో రైమొండి పార్క్‌లో ఆడతారు. జనం చిన్న చిన్న మొత్తాలు పెట్టి వాటాలు కొన్నారు, నాకూ ఉంది ఒక పిసరంత. కొలీసియంలో డప్పులు వాయించిన వాళ్లు కొందరు ఇప్పుడు అక్కడ వాయిస్తున్నారు. ఈ శనివారం నేను వెళుతున్నాను, ఎవరైనా వస్తారా?

బావిగట్టు_కబుర్లు
యజమానురాలితో మాట్లాడుతున్నామని తెలియక ఇంతసేపు నోటికి వచ్చినట్లు మాట్లాడాం. జట్టును అమ్మెయ్!

గోదారి_గట్టు
నా కారులో మూడు సీట్లు ఉన్నాయి. జెయింట్స్ టోపీ పెట్టుకుని వస్తాను, అభ్యంతరం ఉన్న వాళ్లు బార్ట్‌లో రండి.

ఫ్రీమాంట్_తెనాలి
మేము బార్ట్‌లోనే వస్తాం. పులిహోర తెస్తున్నాం.

ఫ్రీమాంట్_తెనాలి
వెళ్లి వచ్చాం. ఇంత చిన్న మైదానంలో ఆట నేను ఎప్పుడూ చూడలేదు. క్యాచరు చేతి తొడుగులో బంతి పడిన చప్పుడు కూడా వినిపించింది. రాధ గారు మా వాడికి డప్పు పుల్లలు ఇచ్చారు. తాళం తప్పినా ఎవరూ ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు రైలు కొలీసియం స్టేషనులో ఆగగానే వాడు లేచి తలుపు దాకా వెళ్లిపోయాడు. అలవాటు. తలుపులు మూసుకున్నాక వచ్చి కూర్చుని, వెస్ట్ ఓక్లాండ్‌కు ఇంకా ఎన్ని స్టేషన్లని అడిగాడు.

పాత_స్కోరుబుక్కు
స్కోరు రాశారా?

ఫ్రీమాంట్_తెనాలి
వాడితోనే రాయించాను. తిరగేసిన కె అక్షరాలు నాలుగు ఉన్నాయి. ఏడో ఇన్నింగ్స్ మాత్రం ఖాళీ. పులిహోర డబ్బా అప్పుడే తెరిచారు.

గోదారి_గట్టు
ఆ డబ్బా మూత నా కారులో ఉండిపోయింది. వచ్చే శనివారం తెస్తాను.